కత్తికి బొమ్మ కనపడదు

"లోగో ఫోన్‌కి పంపించాను. దాన్నే కొంచెం పెద్దది చేసి బోర్డు చేసేయండి." ఈ మాట వినని సైన్ డిజైనర్ ఉండడు. అన్నవాళ్ల తప్పు కూడా ఏమీ లేదు. ఫోన్ తెర మీద లోగో చక్కగానే ఉంది, రంగులు మెరుస్తున్నాయి, రెండు వేళ్లతో లాగితే పెద్దదవుతోంది. మరి బోర్డు మీద ఎందుకు కాదు? ఫైలు తెరిచిన డిజైనర్ మాత్రం ఒకసారి నిట్టూర్చి, దాన్ని పక్కన పెట్టుకుని మొదట్నుంచీ గీయడం మొదలుపెడతాడు. ఆ పనికి ఒక గంట పట్టొచ్చు, ఒక పూట పట్టొచ్చు. డబ్బు అడిగితే "ఉన్న లోగోకే మళ్లీ డిజైన్ చార్జీ ఏమిటి?" అని గొడవ.

ఈ రంగంలోవాళ్లు దీన్ని సాఫ్ట్‌వేర్ గొడవగా చెప్పుకుంటారు. కరెల్‌డ్రాలో చేయాల్సింది ఫోటోషాప్‌లో చేశారని, ఇలస్ట్రేటర్ ఫైలు పాత వెర్షన్‌లో తెరుచుకోలేదని. నా లెక్కలో సాఫ్ట్‌వేర్‌ది ఇందులో చిన్న పాత్రే. కస్టమర్ పంపేది "ఇది ఇలా కనిపించాలి" అనే సమాచారం. బోర్డు చేసేవాడికి కావలసింది "ఇక్కడ మొదలై, ఇలా వంగి, ఇక్కడ ఆగాలి" అనే సమాచారం. మొదటిది కంటి కోసం, రెండోది యంత్రం కోసం. మొదటి దాంట్లోంచి రెండోది దానంతటది పుట్టదు, ఎవరో ఒకరు కూర్చుని పుట్టించాలి. రిజల్యూషన్, ఫాంట్లు, రంగులు, కొలతలు అంటూ వినిపించే ఫిర్యాదుల్లో చాలావరకు ఈ ఒక్క తేడా దగ్గరికే వచ్చి ఆగుతాయి.

పెన్ను పోయి కత్తి వచ్చింది

వినైల్ అంటే వెనక జిగురున్న పలుచటి ప్లాస్టిక్ షీటు. అందులో అక్షరాలు కోసే ప్లాటర్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. కంప్యూటర్ చెప్పినట్టు పెన్నుతో గీసే ప్లాటర్లు ముందు ఇంజనీరింగ్ డ్రాయింగుల కోసం వచ్చాయి. 1980ల మొదట్లో అమెరికాలోని గెర్బర్ కంపెనీ సైన్‌మేకర్ పేరుతో తెచ్చిన యంత్రాలు, అప్పటిదాకా బ్రష్షుతో రాస్తున్న అక్షరాలను వినైల్‌లో కత్తితో కోయడం మొదలుపెట్టాయి. పెన్ను పోయి కత్తి వచ్చింది గానీ చాలా కటర్లు ఇప్పటికీ పెన్ను కాలపు భాషే మాట్లాడతాయి. హ్యూలెట్ ప్యాకర్డ్ తన పెన్ ప్లాటర్ల కోసం తయారుచేసిన ఆ భాష పేరు హెచ్‌పీజీఎల్. దాని సారం ఇంతే: పెన్ ఎత్తు, ఫలానా బిందువుకి వెళ్లు, పెన్ దించు, అక్కణ్నుంచి ఫలానా బిందువు దాకా గీయి. కొలత ప్రమాణం 0.025 మిల్లీమీటరు, అంటే ఒక్క మిల్లీమీటరు 40 భాగాలు. ఏ పెన్ను తీసుకోవాలో చెప్పే ఆదేశం ఉంది. నీడ, మెరుపు లాంటి మాటలకు మాత్రం అందులో చోటే లేదు.

అలాంటి యంత్రానికి ఫోటో ఇవ్వడమంటే, దారి అడిగినవాడికి ఆ ఊరి ఫోటో చూపించడమే. ఫోటో ఎంత బాగున్నా ఎటు తిరగాలో అందులో లేదు.

జేపీజీ, పీఎన్‌జీ ఫైళ్లు ఆ ఊరి ఫోటోలు. వాటిలో ఉన్నవి వరుసగా పేర్చిన రంగు గడులు, అంటే పిక్సెళ్లు. వెబ్‌సైట్ పైమూలన పెట్టిన లోగో వెడల్పు 200 పిక్సెళ్లు అనుకుందాం. దాన్ని 2 మీటర్ల బోర్డు మీద పరిస్తే ఒక్కో పిక్సెల్ 1 సెంటీమీటర్ గడి అవుతుంది. అప్పుడు 'ఓ' అక్షరం గుండ్రంగా ఉండదు, మెట్లుమెట్లుగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ మధ్యలో రంగులు నింపి నునుపు చేస్తే మెట్లు పోయి మసక వస్తుంది. లేని సమాచారాన్ని లాగి పెంచడం కుదరదు.

రెండో రకం వెక్టర్. ఇందులో గడులు ఉండవు. బిందువులు, వాటి మధ్య గీతలు, ఆ గీతలు ఎంత వంగాలో చెప్పే లెక్కలు ఉంటాయి. ఈ పద్ధతిని ముద్రణలో వ్యాపింపజేసిన పోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రింటర్ల భాష 1984లో వచ్చింది. దాని వెనకే 1987లో అడోబీ ఇలస్ట్రేటర్, 1989లో కరెల్‌డ్రా వచ్చాయి. లెక్కను రెండుతో గుణించినా రెండొందలతో గుణించినా వంపు వంపులాగే ఉంటుంది కాబట్టి, విజిటింగ్ కార్డు మీది లోగోని భవనం గోడంత చేసినా అంచు చెదరదు.

ఇక్కడితో ఆపి "వెక్టర్ ఫైలు ఇవ్వండి, సమస్య తీరుతుంది" అని చెప్పేవాళ్లు చాలామంది. కటింగ్ టేబుల్ దగ్గర నిలబడ్డవాడికి తెలుసు, అసలు కథ అక్కడే మొదలవుతుందని.

వెక్టర్ ఫైలే, అయినా కోయలేం

తెర మీద 20 మిల్లీమీటర్ల మందంతో ఒక గీత ఉంది. మన కంటికి అదొక పట్టీ. కత్తికి మాత్రం అది ఒకే ఒక్క గీత. మందం అనేది ఆ గీతకు తగిలించిన వేషం, అసలు దారి దాని నడుమన ఉంది. అలాగే పంపితే కత్తి నడుమన ఒక గాటు పెట్టి ఊరుకుంటుంది. ఆ గీతను ముందు ఆకారంగా మార్చాలి, అంటే పట్టీ నాలుగు అంచులూ నిజంగా గీతలు కావాలి. ఇలస్ట్రేటర్‌లో, కరెల్‌డ్రాలో దీనికి వేరువేరు ఆదేశాలున్నా జరిగే పని ఒకటే.

తర్వాతిది ఒకదాని మీద ఒకటి పడ్డ ఆకారాలు. ఒక గుండ్రం, దాని మీద ఒక చతురస్రం, రెండూ ఎరుపే. కంటికి ఒకే ఆకారం. కత్తి మాత్రం గుండ్రాన్ని పూర్తిగా కోసి, చతురస్రాన్ని పూర్తిగా కోసి, రెండూ కలిసిన చోట అక్కర్లేని గాట్లు పెడుతుంది. స్టికర్ పీకేటప్పుడు ముక్కలు ఊడొస్తాయి. వీటిని ముందే కలిపి ఒకే ఆకారంగా చేయాలి, ఈ పనినే వెల్డ్ అంటారు.

అన్నింటికన్నా ఎక్కువ ఏడిపించేది తెల్ల అతుకు. డిజైనర్‌కి ఒక అక్షరంలో కొంత భాగం వద్దనిపిస్తుంది. దాన్ని కత్తిరించే బదులు పైన ఒక తెల్ల పెట్టె పెట్టి కప్పేస్తాడు. తెల్ల కాగితం మీద ప్రింటు తీస్తే ఎవరికీ తెలియదు. నీలం రంగు వ్యాను మీద అతికించే స్టికర్ అయితే? తెల్ల పెట్టె కూడా ఒక ఆకారమే, దాన్నీ కోస్తుంది, కింద దాగిన భాగాన్నీ కోస్తుంది. ఇదే పనిని మాస్క్‌తో చేసినా అంతే, దాచిన భాగం దాగలేదని కటర్ దగ్గర తేలుతుంది. ఇక కాపీ చేసి అదే చోట పేస్ట్ చేసి మర్చిపోయిన జంట ఆకారాలు. తెర మీద ఒకటే కనిపిస్తుంది. కత్తి అదే దారిలో రెండోసారి వెళ్లి వినైల్‌తో పాటు కింది కాగితాన్నీ చీలుస్తుంది.

ఈ జబ్బులన్నింటికీ ఒకే ఎక్స్‌రే ఉంది. రంగులన్నీ తీసేసి గీతలను మాత్రమే చూపించే వ్యూ. కరెల్‌డ్రాలో దాని పేరు వైర్‌ఫ్రేమ్, ఇలస్ట్రేటర్‌లో అవుట్‌లైన్. కత్తికి కనిపించే ప్రపంచం అదే. ఫైలు రాగానే అది నొక్కి చూసే అలవాటున్నవాడికి సగం తలనొప్పి తగ్గుతుంది. లోగో డిజైన్ చేసేవాళ్లు కూడా ఫైలు అప్పజెప్పే ముందు ఒక్కసారి అది నొక్కి చూస్తే ఎంత బాగుండునో, కానీ వాళ్లలో చాలామంది జీవితంలో ఒక్క అక్షరం కూడా కోసి చూసి ఉండరు.

పీడీఎఫ్ వేషంలో జేపీజీ

"వెక్టర్ కావాలన్నారు కదా, పీడీఎఫ్ పంపాను." ఇది రెండో అంకం. పీడీఎఫ్, ఈపీఎస్, ఏఐ (ఇలస్ట్రేటర్ ఫైలు), సీడీఆర్ (కరెల్‌డ్రా ఫైలు), ఎస్‌వీజీ ఇవన్నీ డబ్బాలు. డబ్బాలో వెక్టర్ పెట్టొచ్చు, ఫోటో పెట్టొచ్చు, రెండూ కలిపి పెట్టొచ్చు. జేపీజీని కరెల్‌డ్రాలోకి తెచ్చి సీడీఆర్‌గా సేవ్ చేస్తే అది సీడీఆర్‌లో ఉన్న జేపీజీ, అంతకు మించి ఏమీ కాదు. ఆన్‌లైన్ డిజైన్ టూల్స్‌లో లోగో చేసుకున్నవాళ్లకీ ఇదే ఎదురవుతుంది. అక్కడ టైప్ చేసిన అక్షరాలు పీడీఎఫ్‌లో వెక్టర్‌గానే రావచ్చు, పక్కన అప్‌లోడ్ చేసిన బొమ్మ మాత్రం పిక్సెళ్లుగానే వస్తుంది.

డబ్బా విప్పి చూసే పద్ధతి సులువు. పీడీఎఫ్‌ని పూర్తిగా జూమ్ చేసి ఒక అక్షరం అంచు చూడాలి. ఎంత దగ్గరకెళ్లినా అంచు కోసినట్టుంటే వెక్టర్. గడులు కనిపిస్తే ఫోటో. ఈ పరీక్ష కస్టమర్ కూడా తన ఇంట్లోనే చేసుకోవచ్చు. ఫోన్లో నేర్పించి చూశాను, చాలామంది పది సెకన్లలో పట్టేశారు. ఆ తర్వాత వాదన ఉండదు.

వాట్సాప్ వ్యవహారం వేరే. మామూలు ఫోటోగా పంపితే అది బొమ్మను కుదించి, మళ్లీ గట్టిగా నొక్కి పంపుతుంది. జేపీజీ పద్ధతిలో బొమ్మను 8 పిక్సెళ్ల చదరాలుగా విడగొట్టి ఒక్కో చదరంలోని సమాచారాన్ని తగ్గిస్తారు. ఆకాశం, ముఖం లాంటి చోట్ల ఆ నష్టం కనిపించదు. అక్షరం అంచులాంటి పదునైన చోట చుట్టూ మురికి చుక్కల్లా తేలుతుంది. లోగో అంటేనే పదునైన అంచులు, కాబట్టి జేపీజీ ఎక్కువగా దెబ్బ కొట్టేది లోగోలనే. అదే ఫైలును డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వస్తుంది.

ట్రేస్ బటన్ మాయ

"దానికి ఒక బటన్ ఉందటగా?" ఉంది. ఫోటోని వెక్టర్‌గా మార్చే ట్రేస్ సౌకర్యం ఇలస్ట్రేటర్‌లో 2005లోనే చేరింది, కరెల్‌డ్రాలోనూ ఉంది. పెద్దగా, శుభ్రంగా, రెండు రంగుల్లో ఉన్న బొమ్మ అయితే బాగానే పనిచేస్తుంది. చేత్తో రాసిన సంతకం, బ్రష్ గీతల బొమ్మ లాంటివాటికి నేనూ అదే వాడతాను. చిన్న జేపీజీ ఇస్తే మాత్రం అది మురికిని కూడా శ్రద్ధగా ట్రేస్ చేస్తుంది.

ట్రేస్‌కి తెలియనిది ఒకటుంది: అది చూస్తున్నది ఏమిటో. గుండ్రం అని దానికి తెలియదు, నల్లటి పిక్సెళ్ల గుంపు అంచు అని మాత్రమే తెలుసు. గుండ్రాన్ని నాలుగు బిందువులతో గీయొచ్చు. ట్రేస్ చేసిన గుండ్రంలో అలాంటి బిందువులు, అంటే నోడ్లు, అరవై ఉండొచ్చు, ప్రతి రెండింటి మధ్యా ఒక చిన్న వంకర. నిటారు గీతలు సన్నగా వణుకుతాయి, మూలలు మొద్దుబారతాయి. చిన్న స్టికర్‌లో అది దొరకదు. అదే అక్షరాన్ని గిర్రున తిరిగే బిట్‌తో కోసే రౌటర్ యంత్రం మీద అర మీటరు ఎత్తున యాక్రిలిక్‌లో కోసి గోడకు బిగించి పక్కనుంచి వెలుతురు పడనివ్వండి, ప్రతి వంకరా నీడతో సహా కనిపిస్తుంది. యంత్రానికీ ఇబ్బందే. ప్రతి నోడ్ దగ్గరా దిక్కు మారాలి కాబట్టి వేగం తగ్గుతుంది, కత్తి కుదుపుతో నడుస్తుంది.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు ట్రేస్ నొక్కరు. ముందు ఆ అక్షరాలు ఏ ఫాంటో వెతుకుతారు. దొరికితే కొత్తగా టైప్ చేసి పాత బొమ్మ మీద పెట్టి, అక్షరాల మధ్య ఎడం సరిచేస్తారు. గుండ్రాన్ని గుండ్రం టూల్‌తోనే గీస్తారు. రెండువైపులా ఒకేలా ఉన్న లోగో అయితే ఒక సగం గీసి తిప్పి అతికిస్తారు. లోగో మొదట గీసినవాడు ఏం ఆలోచించి ఉంటాడో ఊహించి, ఆ ఆలోచనను మళ్లీ గీయడమన్నమాట. దీనికి పట్టే సమయానికే చార్జీ.

ఈమధ్య కృత్రిమ మేధ గీసిన లోగోలు వస్తున్నాయి. చూడ్డానికి అద్భుతంగా ఉంటాయి. దగ్గరకెళ్తే ఎడమ ఆకుకీ కుడి ఆకుకీ పోలిక ఉండదు, అక్షరాల మందం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. మామూలు లోగోకి ఎక్కడో ఒకచోట అసలు ఫైలు ఉంటుందనే ఆశ ఉంటుంది. వీటికి ఆ ఆశ కూడా ఉండదు, ఎందుకంటే అసలు పుట్టిందే పిక్సెళ్లుగా.

ఎంత రిజల్యూషన్ చాలు

ఇప్పటిదాకా ఫోటోలను తిట్టాను గానీ ప్రింటు చేసే బ్యానర్లకు ఫోటో పనికొస్తుంది. అక్కడ జరిగే పొరపాటు తలకిందులుగా ఉంటుంది. ఎక్కడో "300 డీపీఐ ఉండాలి" అని చదివి, 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న బ్యానర్‌ని 300లో చేసి పంపుతారు. లెక్క చూద్దాం. 6 మీటర్లు అంటే దాదాపు 236 అంగుళాలు, 3 మీటర్లు 118. అంగుళానికి 300 చొప్పున దాదాపు 70,900 x 35,400 పిక్సెళ్లు, నాలుగు సిరాల సీఎంవైకే పద్ధతిలో సుమారు 10 జీబీ. ఫోటోషాప్ మామూలు పీఎస్‌డీ ఫైలు వైపుకి 30,000 పిక్సెళ్లు దాటదు, కాబట్టి అది పెద్ద ఫైళ్ల ఫార్మాట్ పీఎస్‌బీలోకి పోవాలి. అదే బ్యానర్ 100లో చేస్తే 1 జీబీ చిల్లర.

300 అనేది చేతిలో పట్టుకుని చదివే పుస్తకం లెక్క. మామూలు చూపున్న మనిషి కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కోణం కన్నా చిన్న వివరాన్ని విడదీయలేదు. ఆ లెక్కన అర మీటరు దూరంలో అంగుళానికి 175 పిక్సెళ్లు చాలు, 3 మీటర్ల దూరంలో 29, 10 మీటర్ల దూరంలో 9 కూడా అక్కర్లేదు. దూరం నుంచి చూసే బోర్డులకు ఈ సంఖ్యలు మరీ తక్కువనిపిస్తే రెట్టింపు చేసుకోండి, అయినా 300 దరిదాపులకి రావు. కాబట్టి "ఎన్ని డీపీఐ?" అనే ప్రశ్నకు ముందు "ఎంత దూరం నుంచి చూస్తారు?" అని అడగాలి. కౌంటర్ మీద పెట్టే బోర్డుకీ రోడ్డు పక్క హోర్డింగ్‌కీ ఒకే జవాబు ఉండదు.

దూరం అన్నాక అక్షరాల ఎత్తు కూడా చెప్పాలి. 10 అడుగుల దూరానికి 1 అంగుళం ఎత్తు అనేది ఈ పనిలో వాడుకలో ఉన్న అందాజు లెక్క. 100 అడుగుల దూరం నుంచి హాయిగా చదవాలంటే 10 అంగుళాల అక్షరం కావాలి. ఫోన్ తెర మీద డిజైన్ ఆమోదించే కస్టమర్‌కి ఈ లెక్క తట్టదు. తెర అరచేయంత దూరంలో ఉంది, అన్నీ చదవగలుగుతున్నాడు, కాబట్టి ఇంకో రెండు లైన్లు, ఇంకో ఫోన్ నంబరు చేర్చమంటాడు.

కొలతలు జారే చోట్లు

ఫైలు శుభ్రంగా ఉంది, వెక్టరే. తెరిస్తే సైజు తప్పు. ఇలస్ట్రేటర్ అంగుళానికి 72 ప్రమాణాల లెక్కతో పనిచేస్తుంది. ఎస్‌వీజీని వెబ్ లెక్కలో చదివే సాఫ్ట్‌వేర్లు అంగుళానికి 96 అనుకుంటాయి. ఇంక్‌స్కేప్ అనే ఉచిత వెక్టర్ సాఫ్ట్‌వేర్ 2017లో వచ్చిన 0.92 వెర్షన్‌కి ముందు 90 అనుకునేది. కాబట్టి ఒకదాంట్లో చేసిన ఎస్‌వీజీ మరోదాంట్లో ముప్పావు సైజుకి కుంచించుకుపోవచ్చు. కొలత వేసి చూడకపోతే పట్టుకోవడం కష్టం, ఎందుకంటే ఆకారం చెక్కుచెదరదు. రౌటర్లకు, లేజర్లకు వెళ్లే డీఎక్స్‌ఎఫ్ ఇంకో రకం. అందులోని సంఖ్యలు అంగుళాలా మిల్లీమీటర్లా అన్నది ఒక్కోసారి రాసి ఉండదు. తప్పుగా ఊహిస్తే తేడా 25.4 రెట్లు. ఇది మాత్రం మంచి తప్పు, తెరవగానే తెలిసిపోతుంది.

పెద్ద బోర్డులను 1:10 స్కేలులో గీయడం పాత అలవాటు. దానికి కారణం ఉంది. ఇలస్ట్రేటర్ కాన్వాస్ చాలాకాలం 227 అంగుళాల దగ్గరే ఆగింది, పదింతల పెద్ద కాన్వాస్ 2020లో వచ్చింది. పాత పీడీఎఫ్ నిర్వచనంలో పేజీ 200 అంగుళాలు మించకూడదు. స్కేలులో గీయడం తప్పేమీ కాదు, ఆ సంగతి ఫైలు పేరులో రాయకపోవడమే తప్పు. నీడలు, గీతల మందాలు స్కేలు మార్చినప్పుడు వాటంతటవి పెరగని సందర్భాలున్నాయి. ఆ ఒక్క సెట్టింగ్ చూసుకోకపోతే సన్నటి బోర్డర్ పెద్ద బోర్డు మీద వెంట్రుకవాసి గీతగా మిగులుతుంది.

ఫాంటు లేని చోట అక్షరం

కస్టమర్ డిజైనర్ దగ్గర ఉన్న ఫాంటు సైన్ షాపులో ఉండదు. ఫైలు తెరవగానే సాఫ్ట్‌వేర్ వేరే ఫాంటు పెట్టేస్తుంది, లైన్లు విరిగిపోతాయి. మందు అందరికీ తెలిసిందే, అక్షరాలను కర్వ్స్ చేసి పంపాలి. కర్వ్స్ చేశాక అది అక్షరం కాదు, ఆకారం. ఫోన్ నంబరులో ఒక అంకె మార్చాలంటే ఇక కుదరదు. అందుకని టైప్ చేసిన ఫైలు ఒకటి, కర్వ్స్ చేసింది ఒకటి, రెండూ దాచుకోవాలి. పాత ఫైళ్లకు ఇంకో గండం ఉంది. ఒకప్పుడు ముద్రణారంగమంతా వాడిన టైప్ 1 ఫాంట్లకు 2023 జనవరి నాటికి అడోబీ మద్దతు ఆపేసింది. ఫాంటు కంప్యూటర్‌లో ఉన్నా కొత్త ఇలస్ట్రేటర్ దాన్ని గుర్తించదు.

తెలుగుతో వచ్చే చిక్కులు ఇంకాస్త లోతైనవి. యూనికోడ్‌లో తెలుగు 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే ఉంది. అయినా డిజైన్ పనుల్లో అను లాంటి పాత పద్ధతి ఫాంట్లు చాలాకాలం రాజ్యమేలాయి. వాటిలో తెలుగు ఆకారాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో పెట్టారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే "స్వాగతం" ఉండాల్సిన చోట అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. యూనికోడ్ ఫాంటు వాడినా, ఇలస్ట్రేటర్‌లో దక్షిణాసియా లిపుల కంపోజర్ ఎంచుకోకపోతే "స్త్రీ" లోని ఒత్తులు కిందికి చేరకుండా పొల్లులతో విడివిడిగా నిలబడతాయి. తెలుగు చదవలేని ఆపరేటర్‌కి అదే సరైన రూపం అనిపిస్తుంది, అలాగే కోసేస్తాడు.

కర్వ్స్ చేసిన తర్వాత కూడా కథ ముగియదు. చాలా తెలుగు ఫాంట్లలో గుడి, కొమ్ము, ఒత్తు వేరే ముక్కలుగా వచ్చి ప్రధాన అక్షరం మీద కొంచెం ఎక్కి కూర్చుంటాయి. వెల్డ్ చేయకపోతే ఆ ఎక్కిన చోట కత్తి గాటు పెడుతుంది. ప, స, హ లాంటి అక్షరాల్లో తలకట్టు కింది భాగాన్ని తాకదు. వినైల్‌లో ఫరవాలేదు, మూడు కొలతల అక్షరాలు చేసేటప్పుడు అది గోడ మీద విడిగా బిగించాల్సిన ముక్క. ఎక్కడ బిగించాలో చూపించే కాగితం నమూనా లేకపోతే నిచ్చెన మీదున్న మనిషి అందాజుగా పెడతాడు. ఇంగ్లీషులో 'ఐ' చుక్కకి ఉన్న బాధ ఇదే, మనకి వాక్యానికి పది చోట్ల ఉంటుంది.

తెర మీది నీలం

రంగుల విషయంలో తెర వెలుతురుతో మాట్లాడుతుంది, ప్రింటర్ సిరాతో మాట్లాడుతుంది. తెర మీది కళ్లు చెదిరే నీలం, చిలకపచ్చ సిరాల పరిధిలోనే ఉండవు. తెర వాడే ఆర్‌జీబీ రంగుల్లోని స్వచ్ఛమైన నీలాన్ని నాలుగు సిరాల్లోకి మారిస్తే ఊదా వైపు జారుతుంది. అందుకని "సీఎంవైకేలోనే పంపండి" అని ఒక నియమం ప్రచారంలో ఉంది. నాకు ఆ నియమం మీద అంత నమ్మకం లేదు. నారింజ, ఆకుపచ్చ లాంటి అదనపు సిరాలున్న పెద్ద ప్రింటర్ ముందు, ఆఫ్‌సెట్ ముద్రణ ప్రొఫైల్‌లో, అంటే ఆ ముద్రణ రంగుల పరిధిలోకి, ముందే కుదించిన ఫోటో పెడితే ఆ సిరాల లాభం పోతుంది. ఫోటోలను ఆర్‌జీబీలో ఉంచి ప్రింటర్‌ని నడిపే రిప్ సాఫ్ట్‌వేర్‌కి మార్పు వదిలేయడం చాలాసార్లు మేలు.

నలుపు చూడ్డానికి అమాయకంగా ఉంటుంది. నల్ల సిరా ఒక్కటే 100 శాతం వేస్తే పెద్ద విస్తీర్ణంలో ముదురు బూడిదగా కనిపిస్తుంది. ఫోటోషాప్‌లో ఆర్‌జీబీ నలుపుని దాని పాత డిఫాల్ట్ ప్రొఫైల్‌తో మారిస్తే 75, 68, 67, 90 అనే నాలుగు సిరాల మిశ్రమం వస్తుంది. ఇప్పుడు నల్ల నేపథ్యం ఉన్న జేపీజీ లోగోని ఒంటి నలుపు వెక్టర్ పెట్టె మీద పెట్టండి. తెర మీద రెండూ కలిసిపోతాయి. ప్రింటులో లోగో చుట్టూ చక్కటి దీర్ఘచతురస్రం తేలుతుంది.

కంపెనీ రంగు కచ్చితంగా రావాలంటే పాంటోన్ కంపెనీ రంగుల పుస్తకాల్లోని నంబరు చెప్పుకోవడం 1963 నుంచి ఉన్న ఆచారం. 2022 చివర్లో ఆ రంగుల పుస్తకాల్లో చాలావాటిని అడోబీ తన సాఫ్ట్‌వేర్లలోంచి తీసేసింది. ప్రత్యేక లైసెన్స్ లేకుండా పాత ఫోటోషాప్ ఫైలు తెరిచినవాళ్లకు ఆ రంగుల చోట నలుపు కనిపించింది. ఇక కోసే వినైల్‌లో సిరా ప్రసక్తే లేదు. వినైల్ కంపెనీ రంగుల కార్డులో ఉన్నదే రంగు, ఒక రంగు మరో రంగులోకి కరిగే గ్రేడియెంట్ లోగోని వినైల్ ముక్కలతో చేయలేం.

వస్తువు పెట్టే షరతులు

లోగోని అచ్చంగా గీసి ఇచ్చినా వస్తువు ఒప్పుకోవాలి. 3 మిల్లీమీటర్ల బిట్‌తో తిరిగే రౌటర్ లోపలి మూలని పదునుగా చేయలేదు, అక్కడ 1.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రం వస్తుంది. లోపల ఎల్‌ఈడీ వెలిగే అక్షరానికి ఆ ఎల్‌ఈడీ పట్టేంత వెడల్పు కావాలి, సన్నటి గీతల ఫాంటుకి ఆ చోటు ఉండదు. నియాన్ గొట్టంలా వెలిగే వంచదగ్గ ఎల్‌ఈడీ పట్టీకి, అంటే నియాన్ ఫ్లెక్స్‌కి, కావలసింది అంచు గీత కాదు, నడుమ గీత. పైన వద్దని తీసేసిన ఒంటి గీతనే ఇక్కడ వెతుక్కోవాలి. స్టెన్సిల్ అయితే 'ఓ' నడుమ భాగం ఊడి కింద పడుతుంది, దాన్ని నిలబెట్టే వంతెనలు పెట్టాలి. ఇవేవీ కస్టమర్ ఫైలులో ఉండవు, ఉండాలని ఆశించడమూ న్యాయం కాదు.

అందుకే పని మొదలుపెట్టే ముందు కస్టమర్‌కి చూపించే ప్రూఫ్ అనే కాగితానికి అంత విలువ. కొలతల్లో ఏది వెడల్పు, ఏది ఎత్తు అని మాటల్లో రాసి, గోడ ఫోటో మీద బోర్డు పెట్టి చూపించి, స్పెల్లింగు చదివించి, ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా తీసుకోవాలి. "8 బై 4" అని ఫోన్లో చెప్పిన బోర్డు నిలువుగా ఉండాలా అడ్డంగా ఉండాలా అన్నది అడగకుండా పని మొదలుపెట్టినవాళ్లు ఆ పాఠాన్ని ఒక్కసారే నేర్చుకుంటారు.

మళ్లీ గీసిన లోగో ఎవరిది అన్న పేచీ మిగిలే ఉంటుంది. కస్టమర్ తన లోగోయే కదా, ఫైలు ఇవ్వమంటాడు. షాపువాడు గీత నాది కదా అంటాడు. గీసినందుకు చార్జీ తీసుకుంటే ఫైలు ఇచ్చేయడమే మంచిదని నా అభిప్రాయం. తోటివాళ్లలో చాలామంది ఒప్పుకోరు, ఆ ఫైలు పట్టుకుని పక్క షాపుకి పోతాడంటారు. పోతే పోతాడు. నేను ఒక కస్టమర్‌కి అన్ని ఫార్మాట్లలో, వేరే ఫోల్డర్‌లో సర్ది ఇచ్చాను. రెండేళ్ల తర్వాత రెండో బోర్డు కోసం ఆయన నుంచి వాట్సాప్ వచ్చింది. తెరిచి చూస్తే, మేం గోడకి బిగించిన మా బోర్డు ఫోటోయే. పక్కనుంచి తీసింది, సగం మీద చెట్టు నీడ పడుతోంది. కింద రాశారు: "ఒరిజినల్ లోగో ఇదే, కొంచెం పెద్దది చేయండి."